విమానం సంగతి తర్వాత, ముందు రిమోట్ సంగతి చూడండి

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, నల్లగొండ చుట్టుపక్కల నుంచి, అప్పుడప్పుడు పాలమూరు వైపు నుంచి కూడా నాకు ఫోన్లు మొదలవుతాయి. చేసేది ఎక్కువగా డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లలు, కొందరు ఇంటర్ వాళ్లు. "అన్నా, ఫోమ్ షీటుతోని విమానం చేస్తున్నం. మోటారు తీసుకున్నం, బ్యాటరీ తీసుకున్నం. ఇగ రిమోట్ ఒక్కటే మిగిలింది. పైసలు రెండు వేలే ఉన్నయి. మంచిగ దూరం పోయేది ఏదన్న ఉంటే చెప్పు."

ఈ మాటల్లో రెండు సంగతులు నాకు మింగుడుపడవు. రిమోట్‌ను చివరికి వదిలెయ్యడం ఒకటి, దాన్ని దూరంతో కొలవడం రెండోది. నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. ఆర్‌సీ విమానాల్లోకి, అంటే రేడియో రిమోట్‌తో నడిపే చిన్న విమానాల్లోకి, దిగాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు కొనాల్సింది రిమోట్. చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా దానికే పోవాలి. ఇక ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: సిగ్నల్ తెగిపోతే ఆ క్షణాన నా విమానం ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలియని రిమోట్ ఎన్ని కిలోమీటర్లు పోయినా నేను కొనమని చెప్పను.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండేవాళ్లకు ఈ సలహా అంత అవసరం ఉండకపోవచ్చు. అక్కడ ఆదివారం పొద్దున ఒక మైదానానికి వెళ్తే నలుగురు సీనియర్లు కనిపిస్తారు. ఒకరి రిమోట్ పట్టుకుని చూడొచ్చు, ఇంకొకరు పక్కన నిలబడి నేర్పుతారు. మన దగ్గర ఎవరికి వాళ్లే. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా ఒక చిన్న సర్వో (రెక్క, తోక పలకలను కదిపే బుల్లి మోటారు) కావాలంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి, లేదంటే వంద కిలోమీటర్లు బస్సులో పోయి కోఠి గుజరాతీ గల్లీలో వెతుక్కోవాలి. నేర్పే మనిషి లేడు, సరిచేసే మెకానిక్ లేడు. అలాంటి చోట చేతిలోని రిమోటే సగం గురువు. దాని స్క్రీన్ చెప్పే నంబర్లు, అది ఇచ్చే హెచ్చరికలు, కంప్యూటర్‌కి తగిలిస్తే అది ఆడించే సిమ్యులేటర్, ఇవే మనకు దొరికే చదువు.

పైగా ఖర్చు లెక్క ఎలా చూసినా రిమోట్ వైపే మొగ్గుతుంది. మొదటి విమానానికి కావాల్సిన సామాను ఏముంది? స్టేషనరీ షాపులోనో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే చోటనో దొరికే 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు రెండు మూడు షీట్లు, హాట్ గ్లూ, బ్రౌన్ టేపు, నాలుగు వెదురు పుల్లలు. అది పడిపోతుంది. కచ్చితంగా పడిపోతుంది. ముక్కు విరుగుతుంది, రెక్క చీలుతుంది, మళ్లీ అతికిస్తాం, నాలుగోసారి కొత్తది కోసుకుంటాం. ప్రొపెల్లర్లు డజన్ల కొద్దీ పోతాయి. మోటారు షాఫ్టు వంగుతుంది. లైపో బ్యాటరీ మన 44 డిగ్రీల ఎండల్లో బాగా చూసుకుంటేనే రెండు మూడేళ్లు వస్తుంది. ఈ మొత్తం సామానులో నేలకు కొట్టుకోనిది ఒక్క రిమోటే, ఎందుకంటే అది మన చేతుల్లో ఉంటుంది. మంచిది కొంటే మొదటి ఫోమ్ విమానానికీ, ఐదేళ్ల తర్వాత చేసే గ్లైడర్‌కూ అదే పనిచేస్తుంది. ఎక్కువ రోజులు నిలిచే వస్తువుకు తక్కువ పెట్టి, పోయే వస్తువులకు ఎక్కువ పెట్టడం ఎందుకు?

ఇప్పుడు దూరం సంగతి. రిమోట్ అట్ట డబ్బా మీద కిలోమీటర్లు రాసి ఉంటాయి, పిల్లలు దాన్నే పట్టుకుంటారు. ఒక చిన్న లెక్క చూడండి. పున్నమి చంద్రుడు మన కంటికి సుమారు అర డిగ్రీ వెడల్పు కనిపిస్తాడు. మీటరు రెక్కల విమానం 110 మీటర్ల దూరంలో ఉంటే సరిగ్గా చంద్రుడంత వెడల్పు కనిపిస్తుంది. 330 మీటర్లు పోతే అందులో మూడో వంతు. కిలోమీటరు పోతే తొమ్మిదో వంతు. మూడు నాలుగు వందల మీటర్లు దాటాక విమానం ఎటు తిరిగిందో, మన వైపు వస్తోందో పోతోందో మన కంటికే తెలియదు. అది తెలియనప్పుడు సిగ్నల్ ఉండి ఏం లాభం? కుడికి తిప్పాలా ఎడమకా అన్నదే తేలదు కదా. మామూలు 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ 100 మిల్లీవాట్ల పవర్‌తో, విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్ యాంటెన్నా సరిగ్గా పెడితే, కంటికి ఆనే దూరాన్ని సునాయాసంగా దాటుతుంది. కంటితో చూస్తూ ఎగరేసేవాళ్లకు అంతకు మించిన దూరంతో పనే లేదు.

చట్టం కూడా అదే చెబుతోంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం మోడల్ విమానం అంటే 25 కిలోలకు మించని, చదువు, పరిశోధన, సరదా లాంటి పనుల కోసం, కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసేది. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే సుమారు 120 మీటర్లు, ఎత్తు హద్దు. రెండు కిలోల లోపు వాటిని వ్యాపారం కోసం కాకుండా ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఏ చోటు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపులో చూసుకునే పని మాత్రం మనదే. సాగర్ వైపు వెళ్లేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డ్యామ్ సంగతి అటుంచి, అక్కడి ఆకాశంలో శిక్షణ విమానాలు కూడా తిరుగుతాయి. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ ప్రాణం పోయింది. దానికీ మోడల్ విమానాలకూ ఏ సంబంధమూ లేదు. కాకపోతే మన పొలాల మీద మనుషులున్న చిన్న విమానాలు కూడా ఎగురుతాయన్న సంగతి ఆ రోజు చాలామందికి తెలిసొచ్చింది. ఎత్తు హద్దు ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

దూరం పెంచుకోవడానికి పవర్ ఒక్కటే దారి అనుకోవడం కూడా సరికాదు. పవర్ నాలుగింతలు చేస్తే గానీ దూరం రెండింతలు కాదు. అదే రిసీవర్ యాంటెన్నాను సరిగ్గా పెడితే పైసా ఖర్చు లేకుండా అంతకంటే ఎక్కువ లాభం. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రిసీవర్ వైరు చివర పైతొడుగు తీసేసి ఉండే 31 మిల్లీమీటర్ల ముక్కే అసలు యాంటెన్నా. చాలామంది ఆ ముక్కను మడిచి బ్యాటరీ కింద తోస్తారు. రెండు యాంటెన్నాలు ఉంటే ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉండాలి, బ్యాటరీకీ మోటారు వైర్లకూ దూరంగా. రిమోట్ యాంటెన్నా కొనను నేరుగా విమానం వైపు చూపించకూడదు, కొన దిక్కున సిగ్నల్ అన్నిటికంటే బలహీనం. మన ఒళ్లు కూడా నీళ్ల సంచే, 2.4 సిగ్నల్‌ను మింగేస్తుంది. విమానం వెనక్కి పోతే మనం కూడా దాని వైపు తిరగాలి.

ఇంకో రహస్యం, నిజానికి రహస్యమేం కాదు, ఎవరూ చూడరు అంతే. "సిగ్నల్ పోయి పడిపోయింది" అని నాకు చెప్పిన చాలా కేసుల్లో పోయింది సిగ్నల్ కాదు, రిసీవర్‌కి కరెంటు. మోటారు వేగాన్ని అదుపుచేసే చవక 30 ఆంపియర్ ఈఎస్‌సీల్లో రిసీవర్‌కీ సర్వోలకూ కరెంటిచ్చే బీఈసీ తరచూ 5 వోల్టులు, 2 ఆంపియర్లది. తొమ్మిది గ్రాముల సర్వో బిగుసుకుంటే ఒక్కొక్కటి అర ఆంపియర్ పైనే లాగుతుంది. నాలుగు సర్వోలు, మే నెల మధ్యాహ్నం, గాలి ఆడని ఫోమ్ డబ్బాలో ఈఎస్‌సీ. బీఈసీ వేడెక్కి చేతులెత్తేస్తుంది, వోల్టేజీ పడిపోతుంది, రిసీవర్ రీస్టార్ట్ అవుతుంది. ఆ సెకను రెండు సెకన్లలో విమానం నేలను పలకరిస్తుంది. రిసీవర్ వోల్టేజీని రిమోట్ స్క్రీన్ మీద చూపించే టెలిమెట్రీ ఉంటే ఈ జబ్బు ముందే కనిపిస్తుంది. అందుకే టెలిమెట్రీ లేని రిమోట్ ఎంత చవకైనా నేను వద్దనే అంటాను.

ఇక అసలు విషయానికి వస్తాను: ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ తెగినప్పుడు రిసీవర్ ఏ సర్వోను ఎక్కడ పెట్టాలి, మోటారును ఏం చెయ్యాలి అని ముందే చెప్పి ఉంచడం. దీన్ని మైదానానికి పోకముందే ఇంట్లో టేబుల్ మీద చూడొచ్చు. ముందుగా ప్రొపెల్లర్ విప్పేయండి, ఇందులో మొహమాటం వద్దు. పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి ఎనిమిది తొమ్మిది వేల చుట్లు తిరుగుతుంది, వేలు తెగడానికి క్షణం చాలు. రిమోట్ ఆన్ చేయండి, విమానానికి బ్యాటరీ పెట్టండి, థ్రాటిల్ (మోటారు వేగం పెంచే స్టిక్) సగం వరకు లేపండి. మోటారు గుయ్యిమని తిరుగుతుంటుంది. ఇప్పుడు రిమోట్ ఆఫ్ చేసేయండి. చెవి పెట్టి వినండి.

మోటారు సెకనులో ఆగిపోయి సర్వోలు మీరు చెప్పిన చోటికి వచ్చి నిలబడితే మంచి సెటప్. మోటారు అదే వేగంతో తిరుగుతూనే ఉంటే, సర్వోలు చివరిసారి ఎక్కడున్నాయో అక్కడే బిగుసుకుని ఉంటే, ఆ విమానాన్ని ఎగరెయ్యకండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం అర నిమిషంలో 400 మీటర్లు దాటుతుంది. మనం ఎగరేసేది ఎండిన చెరువు శిఖంలో. కట్ట మీద రోడ్డు, ఆ రోడ్డు మీద ఆటోలు. కట్టకు అవతల నాట్లేసే ఆడవాళ్లు, మేకల మంద, అడుగడుగునా బోరు మోటార్ల కోసం లాగిన 11 కేవీ లైన్లు. సిగ్నల్ లేకుండా, మోటారు ఆగకుండా కిలో బరువున్న వస్తువు అటు పోతే ఏమవుతుందో ఎవరైనా ఊహించగలరు. థ్రాటిల్ సున్నా, రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) కానీ ఐలరాన్ (పక్కకు వంచే రెక్క పలక) కానీ కొంచెం ఒక పక్కకు, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) రవ్వంత పైకి. ఇలా పెడితే సిగ్నల్ తెగిన విమానం దూరం పోకుండా గుండ్రంగా తిరుగుతూ అక్కడికక్కడే దిగుతుంది. విమానం పాడైతే అవుతుంది, మనిషికి ఏమీ కాదు.

బొమ్మల షాపుల్లో దొరికే రిమోట్లలోనూ, పేరూ ఊరూ లేని చవక సెట్లలోనూ ఈ సెట్టింగు ఉంటుందో లేదో చెప్పేవాడే ఉండడు. రెండు వేలల్లో వస్తుందని ఆశపడి కొనేది అదే. నా దగ్గరికి పరీక్షకు తెచ్చిన ఒక సెట్టులో రిమోట్ ఆఫ్ చేసినా మోటారు సగం వేగంతో తిరుగుతూనే ఉండింది. ఆ పిల్లలు మరుసటి రోజు కాలేజీ ఫంక్షన్‌లో జనం ముందు ఎగరెయ్యాలనుకున్నారు. వాళ్లను ఆపగలిగాను కాబట్టి సరిపోయింది.

చేతికి తగిలే సంగతులు కొన్ని చెప్పాలి. స్టిక్కుల కింద ఉండే గింబల్ రెండు రకాలు. పాతకాలం రేడియో వాల్యూమ్ నాబ్‌లో లాగ రుద్దుకుంటూ తిరిగే పొటెన్షియోమీటర్ ఒకటి. అయస్కాంతంతో, ఏదీ ఏదాన్నీ తాకకుండా పనిచేసే హాల్ సెన్సర్ ఇంకొకటి. మనది చెల్క నేల. ఎండాకాలం గాలికి లేచే ఎర్రటి సన్నటి దుమ్ము రిమోట్ సందుల్లో చేరుతుంది. రుద్దుకునే రకానికి ఈ దుమ్ము పెద్ద శత్రువు, కొన్నాళ్లకు స్టిక్ మధ్యలో వదిలినా విలువ స్థిరంగా ఉండదు. ఇప్పుడు ఏడెనిమిది వేల రిమోట్లలో కూడా హాల్ గింబల్స్ వస్తున్నాయి కాబట్టి దాన్ని వదులుకోవాల్సిన అవసరం లేదు. తేడా పట్టుకోవడం సులువు. ఛానళ్ల (ఒక్కో కదలికకు ఒక్కో ఛానల్) విలువలు చూపించే స్క్రీన్ తెరిచి, స్టిక్‌ను ఒక మూలకు తోసి మెల్లగా వదలండి. సున్నాకు వచ్చి నిలబడాలి. నాలుగు మూలల నుంచి వదిలినా సున్నాయే చూపిస్తే గింబల్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకసారి 3, ఒకసారి మైనస్ 4 చూపిస్తే విమానం తిన్నగా ఎగరడం కోసం మీరు జీవితాంతం ట్రిమ్ (మధ్య స్థానాన్ని సర్దే బటన్) నొక్కుతూనే ఉంటారు.

మోడ్ విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. ఎడమ చేతిలో థ్రాటిల్ ఉండేది మోడ్ 2, మన దేశంలో దాదాపు అందరూ వాడేది అదే. మోడ్ 1లో థ్రాటిల్ కుడి చేతికి వస్తుంది. ఆర్డర్ పెట్టేటప్పుడు ఏ మోడ్ అన్నది చూసుకోండి, లేకపోతే రేపు ఎవరైనా సాయం చెయ్యాలన్నా మీ రిమోట్ పట్టుకోలేరు.

రిమోట్‌కీ రిసీవర్‌కీ మధ్య నడిచే ప్రోటోకాల్, అంటే అవి మాట్లాడుకునే పద్ధతి, గురించి మాత్రం కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి, డబ్బు అంతా ఇక్కడే పోతుంది. ఒకప్పుడు 27, 35, 72 మెగాహెర్ట్జ్ రేడియోల్లో ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్స్ ఉండేవి. ఒకే క్రిస్టల్ నంబరుతో ఇద్దరు ఒకేసారి రిమోట్ ఆన్ చేస్తే ఒక విమానం కూలినట్టే. 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక రిమోట్ తన రిసీవర్‌ను గుర్తుపెట్టుకుని, సెకనుకు ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తూ మాట్లాడుతుంది. పది మంది పక్కపక్కన నిలబడి ఎగరేసినా ఇబ్బంది లేదు. అయితే ప్రతి కంపెనీదీ వేరే పద్ధతి. ఫ్లైస్కైది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ, స్పెక్ట్రమ్‌ది డీఎస్‌ఎంఎక్స్, ఫుటాబాది ఫాస్ట్, ఫ్రస్కైది మొదట ఏసీసీఎస్‌టీ, 2019 నుంచి యాక్సెస్. ఒక కంపెనీ రిమోట్ కొన్నామంటే రిసీవర్లు కూడా ఆ కంపెనీవే కొంటూ పోవాలి. ఒక విమానంతో ఆగిపోయేవాడు ఎవరూ లేరు. రెండు, మూడు, ఐదు అవుతాయి, ప్రతిదానికీ ఒక రిసీవర్. కంపెనీ పద్ధతి మార్చేస్తే పాత రిసీవర్లన్నీ అటకెక్కుతాయి.

అందుకే నేను ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ వైపు మొగ్గుతాను. అందరూ ఈఎల్‌ఆర్‌ఎస్ అంటారు. దాని సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎన్నో కంపెనీలు దానికి రిసీవర్లు చేస్తున్నాయి, ఒకటి దొరక్కపోతే ఇంకొకటి. సెమ్‌టెక్ కంపెనీ చిప్పుల మీద నడిచే లోరా (లాంగ్ రేంజ్) పద్ధతి కాబట్టి, చాలా బలహీనమైన సిగ్నల్‌ను కూడా పట్టుకుంటుంది. సెకనుకు 50 ప్యాకెట్ల (రిమోట్ పంపే ఆదేశాల) నుంచి 500 వరకు వేగం మనమే పెట్టుకోవచ్చు. ఫోమ్ విమానానికి 50, 150 బ్రహ్మాండంగా సరిపోతాయి. వేగం తగ్గిస్తే దూరం, నమ్మకం పెరుగుతాయి.

కానీ ఇందులో ఒక ఉచ్చు ఉంది, దానిలో మన పిల్లలు చాలామంది పడుతున్నారు. ఈఎల్‌ఆర్‌ఎస్ మొదట పెరిగింది రేసింగ్ డ్రోన్ల కోసం. మార్కెట్లో చవగ్గా దొరికే గోరంత రిసీవర్లలో సర్వో ప్లగ్ పెట్టే చోటే ఉండదు, ఫ్లైట్ కంట్రోలర్‌కి (డ్రోన్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌కి) కలిపే సీరియల్ వైర్లు మాత్రమే ఉంటాయి. పార్సిల్ విప్పి, సర్వో వైరు చేతిలో పట్టుకుని దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఫోటో తీసి నాకు పంపుతారు. విమానానికి కావాల్సింది సర్వో ప్లగ్గు నేరుగా పెట్టే పీడబ్ల్యూఎం పిన్నులున్న రిసీవర్. రేడియోమాస్టర్ కంపెనీ ఈఆర్ సిరీస్‌లో 4, 5, 6, 8 ఛానళ్లవి వస్తున్నాయి. ఆర్డర్ పెట్టేముందు ఫోటోలో మూడు వరుసల పిన్నులు కనిపిస్తున్నాయా లేదా చూడండి. రెండో సంగతి, రిమోట్‌లో వెర్షన్ 3 ఉండి రిసీవర్‌లో వెర్షన్ 2 ఉంటే అవి బైండ్ కావు, అంటే జతకావు, రెండూ ఒకే వరుసలో ఉండాలి. రిమోట్ ఆఫ్‌లో ఉంచి రిసీవర్‌కి కరెంటిస్తే నిమిషం తర్వాత అదే వైఫై అవుతుంది, ఫోన్‌లో దాని పేజీ తెరిచి అప్‌డేట్ చెయ్యొచ్చు. ఫెయిల్‌సేఫ్ కూడా ఒక్కో ఛానల్‌కి అక్కడే పెట్టొచ్చు. మూడోది, ఐదో ఛానల్‌ను ఈఎల్‌ఆర్‌ఎస్ ఆర్మింగ్ స్విచ్‌గా (మోటారు తిరగనిచ్చే స్విచ్‌గా) చూస్తుంది, ఫ్లాపులకో ల్యాండింగ్ గేర్‌కో దాన్ని వాడకండి. చదువుతుంటే ఇదంతా కొంచెం టెన్షన్‌గా అనిపించొచ్చు. ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది.

టెలిమెట్రీకి ఇంకో లాభం మన పత్తి చేలల్లో తెలుస్తుంది. నవంబరులో పత్తి పగిలి, నడుము దాకా పెరిగిన చేనంతా తెల్లగా ఉంటుంది. అందులో తెల్ల ఫోమ్ విమానం దిగితే పక్కనే నిలబడినా కనపడదు. రైతుకు నష్టం కాకుండా సాలు వెంబడి నడుస్తూ వెతకాలి. ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రిమోట్‌లో రిసీవర్ సిగ్నల్ బలాన్ని శబ్దంగా వినిపించే చిన్న స్క్రిప్టు ఉంది. దగ్గరయ్యేకొద్దీ బీప్ బీప్ వేగం పెరుగుతుంది. బ్యాటరీ ఊడిపోకుండా ఉంటే చాలు, విమానం దొరుకుతుంది. ఎగరేసేవాళ్లంతా తమ విమానానికి రంగు టేపు అతికించుకుంటే ఇంకా మంచిది, అది వేరే విషయం.

నాతో పాటు ఎగరేసే మిత్రుడొకరు ఈ వాదనంతా ఒప్పుకోరు. "అందరికీ ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 చాలు. నాలుగైదు వేలకు రిసీవర్‌తో సహా వస్తది, నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే నడుస్తది. నువ్వు పిల్లలకు లేనిపోని ఖర్చు పెట్టిస్తున్నవ్" అంటారు. ఆయన మాటలో నిజముంది. ఐ6ను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఆరు ఛానళ్లు, ఇరవై మోడళ్ల మెమరీ, ఫెయిల్‌సేఫ్, రిసీవర్ వోల్టేజీ చూపించే టెలిమెట్రీ అన్నీ ఉన్నాయి. మన రాష్ట్రంలో ఎంతోమంది దానితోనే నేర్చుకున్నారు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఐ6 వాడే మనిషి ఉండి, ఆయన మీకు నేర్పుతానంటే, ఇంకో ఆలోచన లేకుండా అదే కొనండి. తెలిసిన మనిషి పక్కన ఉండటం ఏ సాఫ్ట్‌వేర్ కంటే విలువైనది.

నేను విభేదించేది ఒంటరిగా మొదలుపెట్టేవాళ్ల విషయంలో. వాళ్లకు మొదటి నెల అంతా సిమ్యులేటరే మైదానం. రేడియోమాస్టర్ పాకెట్ లాంటి రిమోట్‌ను ఫోన్ ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపితే అది వెంటనే జాయ్‌స్టిక్‌గా పనిచేస్తుంది. పికాసిమ్ లాంటి ఉచిత సిమ్యులేటర్ వేసుకుని రోజూ అరగంట కూర్చుంటే, విమానం మన వైపు ముఖం చేసి వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారయ్యే గందరగోళం చేతికి అలవాటైపోతుంది. ఐ6కి కూడా సిమ్యులేటర్ కేబుల్ ఉంది, కానీ అది వేరే కొనాలి, వెనక గుండ్రటి పోర్టుకు సరిపోయేది వెతకాలి. మన దగ్గర ఆ వెతుకులాటలోనే సెలవులు అయిపోతాయి. పాకెట్‌లో హాల్ గింబల్స్, రెండు 18650 రకం ఛార్జింగ్ సెల్లులు, రిమోట్‌లోనే ఛార్జింగ్. ధర ఏడెనిమిది వేల దగ్గర ఉంటోంది. సెల్లులు, ఒక పీడబ్ల్యూఎం రిసీవర్ కలిపితే పది వేల చిల్లర. ఐ6తో తేడా ఐదు వేలు అనుకుందాం. ఆ ఐదు వేలు సిమ్యులేటర్ పుణ్యమా అని మిగిలే ప్రొపెల్లర్లు, షాఫ్టులు, ఫోమ్, కొరియర్ ఖర్చుల్లోనే తిరిగి వస్తాయని నా నమ్మకం.

చేతులు పెద్దవైనవాళ్లకు పాకెట్ ఇరుకుగా అనిపించొచ్చు, వాళ్లకు అదే కంపెనీ పెద్ద రిమోట్ బాక్సర్ బాగుంటుంది. పాత ఫ్లైస్కై, ఫ్రస్కై రిసీవర్లు ఇంట్లో పడి ఉన్నవాళ్లకు మల్టీ ప్రోటోకాల్ మాడ్యూల్ ఉన్న రిమోట్ మేలు. అందులో నాలుగు రకాల రేడియో చిప్పులు ఉంటాయి, ఎన్నో కంపెనీల రిసీవర్లతో మాట్లాడుతుంది.

పదహారు ఛానళ్ల కోసం, రంగుల టచ్ స్క్రీన్ కోసం మొదటిసారే ఇరవై వేలు పెట్టకండి. ఐలరాన్, ఎలివేటర్, థ్రాటిల్, రడ్డర్, నాలుగు ఛానళ్లతో పూర్తి విమానం ఎగురుతుంది. తోక లేని ఫ్లయింగ్ వింగ్‌కి మూడే చాలు. ఎండలో రంగు స్క్రీన్ కంటే నలుపు తెలుపు స్క్రీనే చాలాసార్లు బాగా కనిపిస్తుంది.

కొనే చోటు గురించి ఒక మాట. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను 2005లో లైసెన్సు అవసరం లేకుండా చేశారు. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ కూడా అదే ఏడాది అలాగే వదిలారు. 915 మెగాహెర్ట్జ్ మాత్రం అమెరికా వాళ్ల బ్యాండ్, మన దగ్గర అక్కడ మొబైల్ ఫోన్ల సిగ్నళ్లు నడుస్తాయి. విదేశీ వీడియోలు చూసి 900 మెగాహెర్ట్జ్ సెట్ తెప్పించుకోవద్దు. 2.4 తీసుకోండి, అన్ని తలనొప్పులూ తప్పుతాయి. వైర్‌లెస్ సామానుకు దిగుమతి అనుమతి కూడా కావాలి కాబట్టి విదేశాల నుంచి నేరుగా తెప్పిస్తే కస్టమ్స్ దగ్గర ఆగిపోయే అవకాశం ఉంది. ఇక్కడి డీలర్ దగ్గర బిల్లుతో కొంటే రెండు మూడు వందలు ఎక్కువైనా వారంటీ మాట అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

పది వేలు ఒకేసారి పెట్టలేని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, అది నాకు బాగా తెలుసు. వాళ్లకు నేను చెప్పేది, రెండు వేల బొమ్మ రిమోట్ వద్దు, నలుగురు కలిసి ఒక మంచి రిమోట్ కొనండి. ఒక రిమోట్‌లో నలుగురి విమానాలూ మోడళ్లుగా దాచుకోవచ్చు, ఎవరి రిసీవర్ వాళ్లది. కాలేజీ ప్రాజెక్టు అయితే రిమోట్‌ను ల్యాబ్ పేరు మీద కొనమని మీ సార్లను అడగండి, తర్వాతి బ్యాచ్‌కి పనికొస్తుంది. లేదంటే సెకండ్ హ్యాండ్ చూడండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు సెల్లులు పెట్టే చోట తుప్పు, పచ్చటి పొర ఉందేమో చూడాలి. స్టిక్కులు నాలుగు మూలల నుంచి సున్నాకు వస్తున్నాయా, ప్రతి స్విచ్ స్క్రీన్ మీద కదులుతోందా, యాంటెన్నా మడత దగ్గర పగులు ఉందా చూడాలి. రిమోట్‌తో పాటు కనీసం ఒక రిసీవర్ ఇప్పించుకుని, బైండ్ చేసి, ఒక సర్వో తగిలించి, వాళ్ల ముందే రిమోట్ ఆఫ్ చేసి ఫెయిల్‌సేఫ్ పరీక్షించండి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేసి రండి.